యెమెన్ కుటుంబాల మీద వాడిన సెక్షనే హెచ్-1బీ మీద కూడా.. అమెరికా అధ్యక్షుడి అధికారం ఎంత, హద్దు ఎక్కడ?

2025 సెప్టెంబర్ 20, శనివారం. తెల్లారేసరికి ఫ్యామిలీ గ్రూపుల్లో ఒకటే గోల. హెచ్-1బీ వీసాకు ఇక లక్ష డాలర్లు కట్టాలట, ఆదివారం లోపు అమెరికాలో దిగకపోతే లోపలికి రానివ్వరట. సెలవు మీద ఊరికి వచ్చినవాళ్లు, చెల్లెలి నికాహ్ కోసం వచ్చినవాళ్లు, అమ్మీకి ఆపరేషన్ ఉందని వచ్చినవాళ్లు.. అందరూ ఒక్కసారే టికెట్ల మీద పడ్డారు. అటు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న విమానంలోంచి కొందరు భారతీయులు దిగిపోయారు. ఇప్పుడు ఇంటికి వెళ్తే మళ్లీ రాలేమేమో అని భయం. పెద్ద కంపెనీలు కూడా బయట ఉన్న తమ ఉద్యోగులను వెంటనే వెనక్కి రమ్మని మెయిళ్లు పెట్టాయి.

లక్ష డాలర్లంటే ఆ రోజు లెక్కలో దాదాపు 88 లక్షల రూపాయలు. అంతకుముందు అన్ని ఫీజులూ కలిపినా కొన్ని వేల డాలర్లే. అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టింది శుక్రవారం. అమలు మొదలయ్యేది మన టైం ప్రకారం ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు. మధ్యలో రెండు రోజులు కూడా లేవు. ఫీజు ఏటా కట్టాలన్నట్టు వాణిజ్య మంత్రి హోవర్డ్ లుట్నిక్ మాట్లాడారు. మర్నాడు వైట్‌హౌస్ సర్దిచెప్పింది. ఒక్కసారి కడితే చాలు, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు మామూలుగా వెళ్లిరావచ్చు అని. అప్పటికే ఎంతోమంది వేలకు వేలు పోసి టికెట్లు కొనేశారు.

ఆ హడావిడిలో మనోళ్లు పెద్దగా చూడని సంగతి ఒకటుంది. ఏ అధికారంతో ఈ ఫీజు పెడుతున్నారో ఆ ప్రకటనలోనే రాసి ఉంది. 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం, సెక్షన్ 212(ఎఫ్). ఈ నంబర్ అమెరికాలోని యెమెన్, సిరియా, సోమాలియా, ఇరాన్ కుటుంబాలకు ఎప్పుడో కంఠతా వచ్చేసింది. 2017లో 'ముస్లిం బ్యాన్' వచ్చింది ఈ సెక్షన్ కిందే.

ఆ సెక్షన్ చెప్పేది సింపుల్. విదేశీయుల్లో ఎవరైనా, లేదా ఏదైనా ఒక వర్గం దేశంలోకి రావడం అమెరికా ప్రయోజనాలకు నష్టమని అధ్యక్షుడికి అనిపిస్తే, ఒక ప్రకటన ఇచ్చి వాళ్ల రాకను ఆపేయవచ్చు. ఎంతకాలం? ఆయనకు అవసరం అనిపించినంత కాలం. ఎలాంటి షరతులు? ఆయనకు తగినవి అనిపించినవి. పార్లమెంటుకు చెప్పాలన్న మాట లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ట్రూమన్ వద్దన్న చట్టం

మన దగ్గర చాలామంది అమెరికా అధ్యక్షుణ్ని మన ప్రధానితో పోల్చి చూస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. మన ప్రధాని లోక్‌సభలో మెజారిటీ పోతే ఇంటికి వెళ్లాలి. అమెరికా అధ్యక్షుణ్ని అవిశ్వాస తీర్మానంతో దించలేరు. అభిశంసన ఉంది గానీ ఇప్పటిదాకా అభిశంసనకు గురైన ముగ్గురిలో ఒక్కరిని కూడా సెనేట్ పదవి నుంచి తొలగించలేదు. ట్రంప్ అయితే రెండుసార్లు అభిశంసనకు గురై, రెండుసార్లూ బయటపడ్డారు. అదే సమయంలో మన ప్రధానికి ఉండే సౌకర్యం ఆయనకు లేదు. మన ప్రధాని చేతిలో మెజారిటీ ఉంటే బిల్లు పాసైనట్టే. అమెరికా అధ్యక్షుడు సభలో బిల్లు పెట్టలేడు, సభను రద్దు చేయలేడు, కాంగ్రెస్ మంజూరు చేయని డబ్బును ఖర్చు పెట్టడానికి రాజ్యాంగం ఒప్పుకోదు.

అందుకే ఎవరు అధ్యక్షుడైనా పాత చట్టాల్లో వెతుకుతారు. కాంగ్రెస్ ఎప్పుడో రాసి వదిలేసిన ఏ సెక్షన్‌లో ఎంత ఖాళీ ఉందో చూసి, అందులోంచి దారి తీస్తారు. బైడెన్ కూడా అదే చేశారు. 2003 నాటి ఒక చట్టాన్ని పట్టుకుని సుమారు 400 బిలియన్ డాలర్ల విద్యార్థి రుణాలు మాఫీ చేయబోతే, 2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. కాంగ్రెస్ అంత అధికారం ఇవ్వలేదంది.

212(ఎఫ్) పుట్టుక కథ మాత్రం కాస్త విచిత్రమైనది. కొరియా యుద్ధం నడుస్తుండగా 1952 ఏప్రిల్‌లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్, సమ్మె వల్ల ఉత్పత్తి ఆగిపోతుందని దేశంలోని ఉక్కు మిల్లులను ప్రభుత్వ అధీనంలోకి తీసుకున్నారు. జూన్ 2న సుప్రీంకోర్టు 6-3తో కుదరదంది. చట్టం లేకుండా ప్రైవేటు ఆస్తి మీద చేయి వేసే హక్కు అధ్యక్షుడికి లేదని. అధ్యక్షుడి హద్దుల గురించి ఈ రోజుకీ అక్కడి లాయర్లు మొదట చెప్పే తీర్పు అదే. సరిగ్గా అదే నెలలో కాంగ్రెస్ కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం తెచ్చింది. దేశాల వారీ కోటాలతో అన్యాయంగా ఉందని ట్రూమన్ దాన్ని వీటో చేశారు. (ఆ రోజుల్లో భారత్ కోటా ఏడాదికి వంద మంది!) రెండు సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో వీటోను పక్కకు నెట్టేసి జూన్ 27న చట్టం చేసేశాయి. అధ్యక్షుడు వద్దన్న చట్టంలోనే అధ్యక్షుడి చేతికి ఇంత పెద్ద తాళం పెట్టేశారన్నమాట.

తర్వాతి దశాబ్దాల్లో దీన్ని ఎక్కువగా చిన్న చిన్న గుంపుల మీదే వాడారు. ఏదో ఒక దేశపు సైనిక పాలకులు, వాళ్ల బంధువులు.. అలా. మినహాయింపు హైతీ. పడవల్లో వచ్చే హైతీ శరణార్థులను సముద్రంలోనే ఆపేయడానికి 1981లో రీగన్ దీన్ని వాడారు. ఆ విధానం 1993లో సుప్రీంకోర్టుకు వెళ్తే 8-1తో ప్రభుత్వమే గెలిచింది.

నానీ దగ్గరి బంధువు కాదా?

2017 జనవరి 27. ట్రంప్ పదవిలోకి వచ్చి వారమే. ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సుడాన్, సిరియా, యెమెన్.. ఈ ఏడు దేశాల వాళ్లు 90 రోజులు రాకూడదని సంతకం చేశారు. విమానం ఎక్కేటప్పుడు ఉన్న వీసా దిగేటప్పటికి చెల్లలేదు. 60 వేలలోపు వీసాలు రద్దయ్యాయని విదేశాంగ శాఖే చెప్పింది. అమెరికా సైన్యానికి ఇరాక్‌లో దుబాసీగా పనిచేసిన మనిషిని కూడా న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో గంటల తరబడి నిలబెట్టారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా మొదట ఆపారు, తర్వాత తప్పు దిద్దుకున్నారు.

మర్నాడు రాత్రే బ్రూక్లిన్‌లో జడ్జి ఆన్ డానెల్లీ, వచ్చినవాళ్లను తిప్పి పంపొద్దని ఆదేశించారు. తాత్కాలిక అటార్నీ జనరల్ శాలీ యేట్స్ ఈ ఆర్డర్‌ను కోర్టులో సమర్థించబోమన్నారు. జనవరి 30 రాత్రే ఆమె ఉద్యోగం పోయింది. శాఖాధిపతులను అధ్యక్షుడు ఎప్పుడంటే అప్పుడు తీసేయగలడు, అందులో సందేహం లేదు. ఫిబ్రవరి 3న సియాటిల్ జడ్జి జేమ్స్ రోబార్ట్ దేశమంతటా నిషేధాన్ని ఆపేశారు. ఆయన్ను నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్. అప్పీలు కోర్టు కూడా ఆయన వైపే నిలిచింది.

అప్పట్లో మన గ్రూపుల్లో కూడా ఈ భాగమే తిరిగింది. ఎయిర్‌పోర్టుల్లో లాయర్లు నేల మీద కూర్చుని పిటిషన్లు రాయడం, ముస్లింల కోసం వేరే మతాల వాళ్లు ప్లకార్డులు పట్టుకోవడం. చూసి అందరం 'అమెరికాలో కోర్టులు బతికే ఉన్నాయి' అనుకున్నాం. నిజమే గానీ కథ అక్కడ ఆగలేదు.

మార్చి 6న ఇరాక్‌ను తీసేసి రెండో ఆర్డర్ వచ్చింది. హవాయి జడ్జి దాన్నీ ఆపారు. జూన్ 26న సుప్రీంకోర్టు మధ్యే మార్గం చెప్పింది. అమెరికాలో నిజమైన దగ్గరి సంబంధం ఉన్నవాళ్లను రానివ్వండి, మిగతావాళ్లను ఆపుకోండి అని. మరి దగ్గరి సంబంధం అంటే ఏది? తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు, అల్లుడు, కోడలు వరకు సరే అంది ప్రభుత్వం. నానీ, దాదీ, మనవలు లెక్కలోకి రారంది! చిన్నాన్నలు, మేనత్తలు కూడా అంతే. మనవణ్ని చూడడానికి వచ్చే దాదీ దేశ భద్రతకు ప్రమాదమా అని మళ్లీ కోర్టుకెక్కాల్సి వచ్చింది. జూలై 13న హవాయి జడ్జి డెరిక్ వాట్సన్, తాతమ్మలు దగ్గరి బంధువులు కాకపోతే ఇంకెవరు అన్నట్టుగా తీర్పు ఇచ్చారు. సుప్రీంకోర్టు ఆ భాగం జోలికి వెళ్లలేదు. ఒక సంతకం ఇంటి లోపలికి వచ్చి బంధుత్వాలను కొలవడం అంటే ఇదే.

సెప్టెంబర్ 24న మూడోది వచ్చింది. ఈసారి లాయర్లు జాగ్రత్తగా రాశారు. దేశాల భద్రతా సమాచారాన్ని పరిశీలించామన్నారు, ఉత్తర కొరియాను, వెనెజువెలా అధికారులను కలిపారు, కష్టాల్లో ఉన్నవాళ్లకు మినహాయింపులు ఇస్తామన్నారు. 90 రోజుల మాట పోయింది, గడువే లేదు. 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4తో దీన్ని సమర్థించింది.

ఆ తీర్పును కొంచెం నిలబడి చదవాలి. ముస్లింల రాకను పూర్తిగా ఆపేయాలని 2015 డిసెంబర్‌లో ట్రంప్ బహిరంగంగానే అన్నారు. ఆ మాట కోర్టు ముందు ఉంది. అయినా చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఏమన్నారంటే, 212(ఎఫ్)లో ప్రతి వాక్యం అధ్యక్షుడి నిర్ణయానికే వదిలేస్తోంది. ఆర్డర్‌లో మతం మాట లేదు, దేశ భద్రత అనే కారణం ఉంది, అది చాలు. అంటే మనసులో ఏముందో కాదు, కాగితం మీద ఏముందో చూస్తామన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న వాళ్లను క్యాంపుల్లో పెట్టడాన్ని సమర్థించిన 1944 నాటి కోరెమాట్సు తీర్పుతో జస్టిస్ సోటోమేయర్ దీన్ని పోల్చారు. రాబర్ట్స్ ఆ పోలికను ఒప్పుకోలేదు, కానీ కోరెమాట్సు తీర్పు తప్పని అదే తీర్పులో రాశారు. జస్టిస్ బ్రేయర్ మాత్రం లెక్క అడిగారు. మినహాయింపులు ఇస్తున్నామంటున్నారే, మొదటి నెలలో 6,555 మంది అర్హులకు గాను ఇచ్చింది రెండేనట!

భారత్ పేరు ఏ జాబితాలోనూ లేదు. కాబట్టి హైదరాబాద్‌లో, కర్నూలులో, కడపలో చాలా ఇళ్లలో ఇది అరబ్బుల కష్టంగానే కనిపించింది. దువా చేశారు, బాధపడ్డారు, ఛానెల్ మార్చారు. కానీ తీర్పు ఏడు దేశాలకో ఎనిమిది దేశాలకో పరిమితమైనది కాదు. 'ఏదైనా ఒక వర్గం' అనే మాటకు సుప్రీంకోర్టు ముద్ర పడిపోయింది. హెచ్-1బీ ఉద్యోగులు కూడా ఒక వర్గమే కదా.

కాంగ్రెస్ ఎందుకు మూయలేదు?

సెక్షన్ రాసింది కాంగ్రెస్ కాబట్టి మార్చేదీ కాంగ్రెసే. ప్రయత్నం జరిగింది కూడా. మతం ఆధారంగా వివక్ష కుదరదు, నిర్దిష్టమైన ఆధారం చూపాలి, అవసరమైనంత మేరకే ఆపాలి అంటూ 212(ఎఫ్)ను బిగించే 'నో బ్యాన్' బిల్లును ప్రతినిధుల సభ 2020 జూలైలో ఒకసారి, 2021 ఏప్రిల్‌లో మరోసారి పాస్ చేసింది. రెండుసార్లూ సెనేట్‌లో ఆగిపోయింది. 2021లో అధ్యక్షుడు డెమొక్రాటే, సెనేట్‌లో పైచేయి కూడా వాళ్లదే. అయినా అక్కడ కదలలేదు.

బైడెన్ మాత్రం పదవిలోకి వచ్చిన మొదటి రోజు, 2021 జనవరి 20న, ఒక సంతకంతో నిషేధాన్ని ఎత్తేశారు. అందరూ మిఠాయిలు పంచుకున్నారు. సెక్షన్ అలాగే ఉండిపోయింది. 2025 జూన్ 4న ట్రంప్ మరో సంతకం పెట్టారు. ఈసారి 12 దేశాల మీద పూర్తి నిషేధం, ఏడు దేశాల మీద పాక్షికం. అఫ్గానిస్తాన్, ఇరాన్, లిబియా, సోమాలియా, సుడాన్, యెమెన్ అందులో ఉన్నాయి. ఈసారి ఎయిర్‌పోర్టుల్లో జనం లేరు, రాత్రికి రాత్రి స్టే ఇచ్చిన జడ్జి లేరు. 2018 తీర్పు ఉండగా ఏమని స్టే ఇస్తారు?

అధ్యక్షుడి ఇష్టానికి వ్యతిరేకంగా కాంగ్రెస్ ఏదైనా చేయాలంటే ఎంత కష్టమో యెమెన్ విషయంలోనే ఇంకోసారి కనిపించింది. యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమికి సాయం ఆపాలని 2019 ఏప్రిల్ నాటికి రెండు సభలూ తీర్మానం పాస్ చేశాయి. కొందరు రిపబ్లికన్లు కూడా ఓటేశారు. యుద్ధాన్ని ప్రకటించే హక్కు రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌దే. ట్రంప్ ఏప్రిల్ 16న వీటో చేశారు. మే 2న సెనేట్‌లో వీటోను తిప్పికొట్టే ఓటింగ్ జరిగితే 53-45 వచ్చింది. మెజారిటీ వచ్చింది, కానీ కావాల్సింది మూడింట రెండొంతులు. అంటే 1952లో ట్రూమన్ మీద కుదిరిన లెక్క ఇప్పుడు కుదరలేదు. సెనేట్‌లో మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ మంది తన వైపు నిలిస్తే చాలు, చట్టం ఇచ్చిన అధికారాన్ని అధ్యక్షుడి నుంచి వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. యెమెన్ వాళ్లు అక్కడ బాంబుల కింద ఉన్నారు, ఇక్కడ నిషేధం జాబితాలోనూ ఉన్నారు. రెండింటికీ ఒకే ఆఫీసులో సంతకం.

మన గడప దాకా

హెచ్-1బీ మీద ఈ సెక్షన్ 2025లోనే మొదటిసారి పడలేదు. కరోనా సమయంలో, 2020 జూన్ 22న, బయట ఉన్న హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1 వాళ్లెవరూ రాకూడదని ట్రంప్ ప్రకటన ఇచ్చారు. భర్త అక్కడ, భార్యాపిల్లలు ఇక్కడ చిక్కుకున్న తెలుగు కుటుంబాలకు ఆ నెలలు గుర్తుండే ఉంటాయి. గుజరాత్‌లో పుట్టిన వాషింగ్టన్ జడ్జి అమిత్ మెహతా, అధ్యక్షుడికి ఈ అధికారం ఉందన్నారు. 2018 తీర్పునే ఆధారం చేసుకున్నారు. నెల తిరక్కుండానే కాలిఫోర్నియాలో జడ్జి జెఫ్రీ వైట్ దానికి అడ్డంగా తీర్పు ఇచ్చారు. ఇది విదేశాంగ విషయం కాదు, దేశం లోపలి ఉద్యోగాల విషయం, ఇక్కడ అంత స్వేచ్ఛ ఉండదన్నారు. ఆయన స్టే కేసు వేసిన సంఘాల సభ్య కంపెనీలకే వర్తించింది. పైకోర్టు తేల్చేలోపే, 2021 మార్చి 31న ప్రకటన గడువు తీరిపోయింది. ప్రశ్న అలాగే మిగిలింది.

లక్ష డాలర్ల ఫీజు కేసులోనూ అదే ప్రశ్న. ఆపడానికి అధికారం ఉంటే, డబ్బు కట్టించుకుని రానివ్వడానికి కూడా ఉన్నట్టేనా? పన్నులు వేసే హక్కు కాంగ్రెస్‌ది కదా? 2025 డిసెంబర్ 23న వాషింగ్టన్ జడ్జి బెరిల్ హోవెల్ ప్రభుత్వం వైపే తీర్పు ఇచ్చారు. ఆమెను నియమించింది ఒబామా. ఈ విధానం తెలివైనదా కాదా అన్నది కోర్టు పని కాదు, కాంగ్రెస్ ఇచ్చిన అధికారం మాత్రం విశాలంగా ఉంది అన్నదే ఆ తీర్పు సారాంశం. దాని మీద అప్పీలు దాఖలైంది. జడ్జిని ఏ పార్టీ అధ్యక్షుడు నియమించాడో చూసి తీర్పును ఊహించే అలవాటు మనకుంది. ఈ సెక్షన్ విషయంలో అది పనిచేయదు.

2024లో ఆమోదం పొందిన హెచ్-1బీల్లో దాదాపు 71 శాతం భారత్‌లో పుట్టినవాళ్లవే. కాబట్టి ప్రకటనలో భారత్ పేరు లేకపోయినా దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. 2017 ఆర్డర్‌లో ముస్లిం అనే మాట లేకపోవడం కూడా ఇలాంటిదే.

అయితే ఈ సెక్షన్‌కు ఒక అంచు ఉంది, మన కుటుంబాలకు పనికొచ్చేది అదే. ఇది దేశంలోకి 'రాక' గురించే మాట్లాడుతుంది. లోపల ఉన్నవాళ్ల గురించి కాదు. అందుకే 2025 అక్టోబర్ 20న ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. అమెరికాలోనే స్టూడెంట్ వీసా మీద ఉండి, అక్కడే హెచ్-1బీకి మారితే లక్ష డాలర్లు అక్కర్లేదు. బయటి నుంచి వచ్చే కొత్త వాళ్లకే ఆ భారం. అదే అమ్మాయి, అదే డిగ్రీ, అదే కంపెనీ. దరఖాస్తు వేసేనాటికి డల్లాస్‌లో ఉంటే ఒక లెక్క, టోలీచౌకిలో ఉంటే ఇంకో లెక్క. 88 లక్షల తేడా. మెక్సికో సరిహద్దు దాటి వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ల విషయంలో కూడా 2025 జూలై 2న జడ్జి రాండాల్ఫ్ మాస్ ఇదే గీత గీశారు. అమెరికా నేల మీద కాలు పెట్టినవాళ్లకు కాంగ్రెస్ ఇచ్చిన ఆశ్రయం అడిగే హక్కును 212(ఎఫ్)తో తుడిచేయలేరని.

రాజ్యాంగంలోనే రాసి ఉన్నదాని దగ్గర ఆ గీత ఇంకా గట్టిగా ఉంటుంది. 2025 జనవరి 20న, మొదటి రోజే, ట్రంప్ పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద సంతకం పెట్టారు. కాగితాలు లేనివాళ్ల పిల్లలకే కాదు, తల్లి హెచ్-1బీ, హెచ్-4, స్టూడెంట్ లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే ఆ బిడ్డకూ పౌరసత్వం లేదన్నారు. ఫిబ్రవరి 20 లోపు సిజేరియన్ చేసేయమని కొన్ని భారతీయ జంటలు డాక్టర్లను అడిగినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. నెలలు నిండని బిడ్డను ఒక తేదీ కోసం బయటకు తీయమనడం.. ఏ తల్లయినా ఎంత భయపడితే అడుగుతుంది! మూడు రోజుల్లోనే సియాటిల్ జడ్జి జాన్ కాఫ్‌నర్, ఇంత స్పష్టంగా రాజ్యాంగ విరుద్ధమైనది చూడలేదన్నట్టుగా మాట్లాడి ఆపేశారు. 1868 నాటి 14వ సవరణ, 1898లో చైనా దంపతుల బిడ్డ వాంగ్ కిమ్ ఆర్క్ గెలిచిన కేసు దానికి అడ్డం. ఆ ఏడాదంతా ఈ ఆర్డర్ ఒక్క రోజు కూడా అమలు కాలేదు.

కానీ ఈ కేసులోనే ప్రభుత్వం వేరే రకంగా లాభపడింది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో, జిల్లా జడ్జిలు దేశమంతటికీ వర్తించే స్టేలు ఇవ్వకూడదంది. పౌరసత్వం సంగతి తేల్చలేదు, జడ్జిల చేయి మాత్రం కుదించింది. 2017లో రోబార్ట్ ఒక్కరే దేశమంతా నిషేధాన్ని ఆపగలిగారు. ఇక అలా కుదరదు. వెంటనే లాయర్లు దారి మార్చారు. జూలై 10న న్యూహాంప్‌షైర్‌లో జడ్జి జోసెఫ్ లాప్లాంట్ ముందు పిల్లలందరి తరఫున క్లాస్ యాక్షన్‌గా కేసు నడిపి స్టే తెచ్చుకున్నారు. డిసెంబర్ 5న సుప్రీంకోర్టు అసలు విషయాన్నే విచారణకు తీసుకుంది.

అధ్యక్షుడు మూయగలిగినంత తేలిగ్గా తెరవలేడన్నది కూడా గుర్తుంచుకోవాలి. హెచ్-1బీ సంఖ్య ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. అది చట్టం. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్నదీ చట్టమే. ఎన్నికల ముందు ఏ అభ్యర్థి వచ్చి భారతీయులకు గ్రీన్ కార్డులు పెంచేస్తానన్నా, కాంగ్రెస్ ఓటు లేకుండా ఒక్క కార్డు కూడా పెరగదు. మన సంఘాల సభల్లో ఇలాంటి హామీలకు చప్పట్లు కొట్టేవాళ్లు ఈ ముక్క అడగాలి.

ఇక అధ్యక్షుడి సంతకం కూడా అవసరం లేని చోటు ఒకటుంది. అది కాన్సులేట్ కిటికీ. 2025 మే చివర్లో విదేశాంగ శాఖ కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలను ఆపేసింది. జూన్ 18న మళ్లీ మొదలుపెట్టి, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలంది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకూ అదే రూల్. దాంతో డిసెంబర్‌లో స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వచ్చినవాళ్ల అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. ఉద్యోగం అక్కడ, ఇంటి అద్దె అక్కడ, స్కూలుకు వెళ్లాల్సిన పిల్లలు ఇక్కడ నానీ ఇంట్లో. ఇది కోర్టులో నిలుస్తుందా అని అడిగేవాళ్లకు 2024 జూన్ 21 నాటి తీర్పు ఒకటుంది. భర్తకు వీసా ఇవ్వని కాన్సులేట్ నిర్ణయాన్ని ప్రశ్నించిన అమెరికా పౌరురాలికి సుప్రీంకోర్టు 6-3తో చెప్పింది, భర్తను దేశంలోకి తెచ్చుకోవడం ఆమె ప్రాథమిక హక్కు కాదని. ఆమె పౌరురాలే, నికాహ్ నిజమైనదే అయినా బయట ఉన్న మనిషికి కోర్టు తలుపు దాదాపు మూసే ఉంటుంది. కూతురికి అమెరికా సంబంధం చూసే తల్లిదండ్రులు అబ్బాయి జీతం ఎంతో అడుగుతారు, ఏ వీసా మీద ఉన్నాడో అడుగుతారు. పెళ్లయ్యాక అమ్మాయి ఎక్కడి నుంచి దరఖాస్తు చేయాలి, మధ్యలో ఇంటికి వస్తే తిరిగి వెళ్లడానికి ఏ కాగితం కావాలి అన్నది కూడా అడగాల్సిన రోజులివి.

సెప్టెంబర్ నాటి ఆ శనివారం టికెట్లు కొన్నవాళ్లలో చాలామందికి అసలు ఆ ప్రకటన వర్తించనే లేదు. వైట్‌హౌస్ సైట్‌లో పెట్టిన అసలు కాగితంలో ఎవరికి, ఏ తేదీ నుంచి అన్నది రాసి ఉంది. మంత్రి మాట వేరు, వాట్సాప్ మాట వేరు, సంతకం ఉన్న కాగితం వేరు. అయితే అప్పుడు ఆ కాగితం కూడా ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల గురించి తేటగా చెప్పలేదు, అందుకే కంపెనీల లాయర్లే కంగారుపడ్డారు. కాబట్టి తప్పంతా మనవాళ్ల మీద వేయలేం.

ఆ కాగితం ప్రకారం లక్ష డాలర్ల ఫీజుకు గడువు 12 నెలలు. 2017 జనవరిలో పెట్టిన నిషేధానికి 90 రోజులే గడువు. రూపం మారుతూ, దేశాలు మారుతూ అది నాలుగేళ్లు నడిచింది. పొడిగించాలా వద్దా అన్నది 212(ఎఫ్) ప్రకారం అధ్యక్షుడికి అవసరం అనిపించడాన్ని బట్టి ఉంటుంది.